రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ ఎక్కువొచ్చింది – ఆ తర్వాత మా ఇంట్లో తెలిసిన సంగతి

ఎప్పుడూ మిర్చి గురించో, పత్తి గురించో, యార్డులో రేటు గురించో రాస్తుంటాను. ఈసారి ఒంటి గురించి రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. ఇది నా ఒక్కడి సంగతే కాదు, మా తమ్ముడి సంగతి కూడా. వాణ్ణి అడిగి, వాడు సరేనన్నాకే రాస్తున్నా.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకని మా అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే గోల. "నాన్నా, నీకు నలభై ఏడొచ్చాయి. పొలంలో మట్టికి పరీక్ష చేయించావు, బోరు నీళ్ళకి చేయించావు, నీ రక్తానికి ఎప్పుడు చేయించావు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఫోన్లోనే ఏదో ప్యాకేజీ కట్టాడు. తెల్లారి ల్యాబ్ కుర్రాడు ఇంటికే వచ్చి పరగడుపున రక్తం తీసుకుపోయాడు.

సాయంత్రం కల్లం దగ్గర కాయలు ఏరిస్తుంటే వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. పన్నెండు పేజీలు. మూడు నాలుగు చోట్ల ఎర్ర అంకెలు. నా కన్ను మాత్రం ఒక పేజీ మీదే ఆగిపోయింది. పైన లివర్ ఫంక్షన్ టెస్ట్ అని ఉంది. ఎస్‌జీపీటీ 94, ఎస్‌జీఓటీ 88. రెండింటికీ పక్కనే 40 లోపు ఉండాలని వాళ్ళే రాశారు.

ఫోను జేబులో పెట్టేసుకున్నా. ఆ రాత్రి ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో కూడా రాయాలి. మా నాన్న 2004లో పోయాడు. అప్పటికి ఆయనకి యాభై నాలుగు. పొట్టలో నీరు చేరింది, కాళ్ళు వాచాయి, కళ్ళు పచ్చబడ్డాయి. గుంటూరు తీసుకెళ్తే లివర్ అయిపోయిందన్నారు. మూడు నెలల్లో మనిషి లేడు. లివర్ అనగానే ఊళ్ళో ఒకటే మాట, చాటుగా తాగేవాడంట అని. మా నాన్న తాగడం మేమెవరం చూడలేదు. కానీ సంతరోజు పేటకెళ్ళి పొద్దుపోయాక వచ్చేవాడు. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఊరంతా అంటుంటే, ఏమో, తాగేవాడేమో అని నేనూ అనుకున్నా. ఆ మాట ఇన్నేళ్ళూ అమ్మతో అనలేదు, కానీ మనసులో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ లివర్ కాగితం నా ఫోన్లోకి వచ్చింది. నేను చుక్క ముట్టను. అయినా ఎవరు నమ్ముతారు?

రెండో రోజు మా ఆవిడే ఫోన్లో చూసింది. నా కంటే ముందు మా బావమరిదికి చెప్పింది. వాడు సాయంత్రానికల్లా సీసాతో దిగాడు. తిప్పతీగ రసం, ఇంకేవో ఆకులు. "బావా, పరగడుపున ఓ గ్లాసు కొట్టు, ఇరవై రోజుల్లో లివర్ కడిగినట్టు అయిపోద్ది" అన్నాడు. ప్రేమతోనే తెచ్చాడు, కాదనను. నాలుగు రోజులు తాగా కూడా. ఐదో రోజు మా అబ్బాయి ఫోన్లో కేకలేస్తే ఆపి, గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళా.

ఆమె రిపోర్టు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "మందు అలవాటుందా?"

"పొలంలో కొట్టేదేనండి" అన్నా. ఆమె నవ్వింది. నాకైతే నవ్వు రాలేదు. "మేడమ్, నిజంగా తాగను" అన్నా.

"మీరు తాగరంటే నమ్ముతాను. తాగేవాళ్ళకే ఈ అంకె పెరుగుతుందని ఎక్కడా లేదు" అంది.

ఆ ఒక్క మాటకి నాకు సగం జబ్బు తగ్గింది.

ఆమె చెప్పింది నాకర్థమైన భాషలో చెప్తాను. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనేవి లివర్ కణాల్లోపల ఉండే ఎంజైములు. కొన్ని ల్యాబులు వీటినే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అని రాస్తాయి. కణం బాగున్నంతకాలం అవి చాలావరకు లోపలే ఉంటాయి. కణం దెబ్బతింటే రక్తంలోకి కారతాయి. మన కోల్డ్ స్టోరేజీ గదిలో అడుగుపెట్టగానే నేలమీద కాయలు కనపడ్డాయనుకోండి. ఏదో టిక్కీ చిరిగిందని తెలుస్తుంది. ఎలక కొరికిందా, హమాలీ కొక్కెం తగిలిందా, చెమ్మకి గోనె చివికిందా అనేది ఆ కాయల్ని చూసి చెప్పలేం. వెతకాలి. ఎస్‌జీపీటీ అంతే. నేలమీద కాయలున్నాయని చెప్తుంది, ఎవరు చింపారో చెప్పదు.

ఆ తర్వాత ఆమె నన్ను పోలీసుల్లా ప్రశ్నలడిగింది. రక్తం ఇచ్చే ముందు వారంలో ఏం పని చేశారు? ఏ బిళ్ళలు వేసుకున్నారు? ఆకులు, పొడులు, లేహ్యాలు ఏమైనా? షుగరుందా? బరువెంత? ఇంట్లో లివర్ జబ్బు ఎవరికైనా ఉందా?

అప్పుడు గుర్తొచ్చింది. రక్తం ఇవ్వడానికి రెండు రోజుల ముందు గుంటూరు యార్డుకి సరుకు పంపాం. హమాలీలు ఇద్దరు రాలేదు. నేనూ తమ్ముడూ కలిసి అరవై టిక్కీలు లారీకెత్తాం. ఒక్కోటి నలభై కిలోల పైమాటే. ఆ నడుం నొప్పికి ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్ళలు రోజుకు రెండు మింగా. డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపి ఉండే బిళ్ళ.

"ఎస్‌జీఓటీ కండరాల్లో కూడా బాగా ఉంటుంది, ఎస్‌జీపీటీ కూడా కొంత ఉంటుంది. అలవాటు తప్పిన ఒళ్ళుతో అంత బరువు మోస్తే కొన్ని రోజులు రెండూ పెరుగుతాయి. నొప్పి బిళ్ళలు కొందరిలో లివర్‌ని ఇబ్బంది పెడతాయి. ఒక్క రిపోర్టు చూసి తీర్పు చెప్పకూడదు. మూడు వారాలు బరువులు మోయకుండా, బిళ్ళలు, పసర్లు ఏమీ లేకుండా ఉండి మళ్ళీ రక్తమివ్వండి" అంది.

తిప్పతీగ గురించీ అడిగా. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసులు రాశారట, ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదట. "ఆ వాదన అలా ఉంచండి. కారణమే తెలియనప్పుడు ఇంకోటి పోస్తే, రేపు పెరిగినా తగ్గినా దేనివల్లో మనకి తెలియదు" అంది. ఇది మనకి తెలియందా? ఆకు ముడత వచ్చిందని షాపతను ఇచ్చిన నాలుగు మందులు కలిపి కొట్టేసి, తామరపురుగా, నల్లా, వైరసా అని తర్వాత తల పట్టుకున్నవాళ్ళమే కదా మనం.

పురుగుమందుల సంగతి నేనే ఎత్తా. ఇరవై ఏళ్ళుగా కొడుతున్నా, దానివల్లేనా అన్నా. కొట్టేటప్పుడు ఒంటిమీద పడితే, గాలిలో పీలిస్తే మంచిది కాదు, మాస్కు, గ్లౌజులు, నిండు చొక్కా తప్పదు అంది. అయితే తేలిగ్గా పట్టుకోగలిగిన కారణాలు ముందు చూడకుండా నేరం దానిమీద వేయొద్దంది.

మూడు వారాల తర్వాత ఎస్‌జీపీటీ 71, ఎస్‌జీఓటీ 44. చూశారా? ఎస్‌జీఓటీ సగానికి పడింది. అందులో చాలావరకు టిక్కీల బరువే అన్నమాట. కానీ ఎస్‌జీపీటీ ఇంకా ఎక్కువే. స్కానింగ్ తీస్తే లివర్‌లో కొవ్వు ఉందని తేలింది. ఫ్యాటీ లివర్. షుగర్ మూడు నెలల సగటు 6.1, అంటే జబ్బు ఇంకా రాలేదు, గుమ్మంలో నిలబడింది. బరువు 84 కిలోలు. నడుం చుట్టూ టేపు పెట్టి 102 సెంటీమీటర్లంది. మన దేశంలో మగవాళ్ళకి 90 దాటితే ఎక్కువ కిందే లెక్కంట.

"మేడమ్, నేను రైతుని. ఏసీ గదిలో కూర్చునేవాణ్ణి కాదు" అన్నా కొంచెం రోషంగా.

"రోజూ ఎంత నడుస్తారు?" అంది.

ఇంటికొచ్చి లెక్కేసుకున్నా. పొలానికి బండి మీద పోతా. దుక్కి ట్రాక్టరుది. మందు డ్రోనుతో కొట్టిస్తున్నా. కోతకి కూలీలు. నేను గట్టుమీద నిలబడి ఫోన్ మాట్లాడతా. ఎప్పుడో ఏడాదికి నాలుగుసార్లు టిక్కీలు ఎత్తితే కష్టపడ్డాననుకుంటా. మా నాన్న నాగలి వెంట నడిచినవాడు, నేను నడిచింది లేదు. తిండి మాత్రం ఆయన తిన్నంత తింటున్నా. మూడు పూటలా తెల్లన్నం, రోజుకు ఆరేడు టీలు, టీకి రెండు స్పూన్ల పంచదార. ఎండలో కూలీలకి తెప్పించే కూల్‌డ్రింక్‌లో నాకో గ్లాసు. తాగకపోయినా లివర్‌కి కొవ్వు పట్టేది ఇందుకే. ఒంటికి ఖర్చుకాని చక్కెరని లివరే కొవ్వుగా మార్చి దాచిపెడుతుందట.

ఆమె కాగితం మీద ఒక లెక్క వేసి చూపించింది. దాన్ని ఫిబ్-4 అంటారట. వయసుని ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లని వేలల్లో తీసుకుని, ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. నాది 47 ఇంటూ 44, కింద 230 ఇంటూ 8.4. వచ్చింది 1.07. 35 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళకి 1.3 లోపుంటే లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువట. దాటితే జబ్బు ఉన్నట్టే అని కాదు, ఇంకో పరీక్ష చేయించాలని.

"మీకు మందులేమీ రాయను. 84 కిలోల్లో ఏడెనిమిది కిలోలు తగ్గండి. లివర్‌లో కొవ్వు దానంతటదే కరుగుతుంది" అంది.

ఇక్కడితో ఐపోతే ఈ పోస్టు రాసేవాణ్ణే కాదు.

మొదటిరోజే ఆమె అడిగిన ఆఖరి ప్రశ్న ఉంది కదా, ఇంట్లో ఎవరికైనా లివర్ జబ్బు ఉందా అని. నాన్న సంగతి చెప్పా. పాత కాగితాలున్నాయా అంది. ఇరవై ఏళ్ళు దాటాయి, ఎక్కడుంటాయిలే అనుకున్నా. ఇంటికొచ్చి అమ్మనడిగా. ఆమె ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్ళి, తన ట్రంకు పెట్టెలోంచి పాలిథీన్ కవరు తెచ్చింది. లోపల నాన్న స్కానింగు ఫిల్ములు, ల్యాబు చీటీలు, మందుల బిల్లులు. ఒక్కటి కూడా పారేయలేదు.

డాక్టరమ్మ అవన్నీ తిరగేసి ఒక చిన్న చీటీ దగ్గర ఆగింది. మడతల్లో ఇంకు వెలిసిపోయింది. హెచ్‌బీఎస్ యాంటీజెన్, పక్కన రియాక్టివ్ అని ఉంది.

"మీ నాన్నగారికి హెపటైటిస్ బి ఉంది. అది వైరస్. ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా ఉండి లివర్‌ని గట్టిపరుస్తుంది. అప్పుడెవరూ చెప్పలేదా?" అంది.

ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, మాకు అర్థం కాలేదేమో. ఆ చీటీ ఇరవై ఏళ్ళు మా ఇంట్లోనే ఉంది. మా నాన్న ఏం జబ్బుతో పోయాడో దానిమీద రాసే ఉంది. ఊరంతా ఆయన్ని తాగుబోతు అనుకుంది, కొడుకునైన నేనూ అనుకున్నా.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పా. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన కల్లు కూడా ముట్టలేదురా. నేను చెప్తే ఎవరు విన్నారు" అంది. నేను తలెత్తలేకపోయా.

హెపటైటిస్ బి ఉన్న ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలి. నాకు లేదు. అమ్మకి లేదు. మా తమ్ముడికి ఉంది.

వాడికి నలభై మూడు. నాకంటే సన్నం, నాకంటే కష్టజీవి. నాతోపాటు టిక్కీలెత్తినవాడు. ఒక్కరోజు జ్వరం అని పడుకోలేదు. వాడి ఎస్‌జీపీటీ ఎంతో తెలుసా? 27. నా రిపోర్టులో ఎర్ర అంకెలు, వాడి రిపోర్టంతా నలుపే. వాడు కూడా మా అబ్బాయి కట్టిన ప్యాకేజీ చేయించుకుని ఉంటే, అంతా బాగుంది పోరా అని మేమే భుజం తట్టేవాళ్ళం. ఫైబ్రోస్కాన్ అని ఒకటి చేశారు, నొప్పేమీ ఉండదు, పక్కటెముకల మీద ఆనించి లివర్ ఎంత గట్టిపడిందో కొలుస్తారు. వాడి లివర్ అప్పటికే కొంచెం గట్టిపడింది.

అంటే ఏమిటి? ఒక్కోసారి టిక్కీ లోపలే పాడవుతుంది, కాయ నేలమీద పడదు. లివర్ బాగా చెడిపోయిన ఆఖరి దశలోనూ ఈ అంకె మామూలుగా ఉండొచ్చంట, చిరగడానికి మిగిలిన టిక్కీలే తక్కువ కాబట్టి. అంకె పెరిగిన నాకు వచ్చిన ముప్పు తక్కువ. అంకె పెరగని తమ్ముడికే మందు కావాల్సి వచ్చింది. నేను ఈ ఏడాది నేర్చుకున్నది ఇదే.

ఎక్కడ సోకిందని వాడు చాలా కుమిలిపోయాడు. అది చెప్పలేమంది డాక్టరమ్మ. పుట్టుకలో తల్లి నుంచి రావచ్చు, కానీ మా అమ్మకి లేదు. చిన్నప్పుడు ఇంట్లోనే గాయాల ద్వారానో, ఒకే బ్లేడు వాడటం వల్లో, సరిగ్గా మరగపెట్టని సూదుల వల్లో, రక్తం ఎక్కించడం వల్లో, భార్యాభర్తల మధ్యో రావచ్చు. కలిసి తింటే రాదు. ఒకే గ్లాసులో తాగితే రాదు. పక్కన పడుకుంటే, చెయ్యి పట్టుకుంటే రాదు. ఎంత చెప్పినా వాడు వారం రోజులు కంచం, గ్లాసు విడిగా పెట్టుకున్నాడు. ఒకరోజు అమ్మ వాడి గ్లాసు తీసుకుని, అందులోనే నీళ్ళు పోసుకుని తాగి, మిగతా గ్లాసుల్లో బోర్లించింది. ఆ తర్వాత వాడు విడిగా పెట్టలేదు.

మరదలికీ పిల్లలిద్దరికీ పరీక్షలు చేయించాం. ఎవరికీ లేదు. పిల్లలకి చిన్నప్పుడే టీకా పడింది. ఇప్పుడైతే పుట్టిన 24 గంటల్లోనే మొదటి డోసు వేస్తున్నారు. మరదలు, నేను, మా ఆవిడ టీకా మొదలుపెట్టాం. పెద్దవాళ్ళకి మూడు డోసులు: మొదటిది, నెలకి ఒకటి, ఆరో నెలకి ఒకటి.

అక్టోబరులో తమ్ముడికి మళ్ళీ చూశారు. వైరస్ అలాగే ఉంది. నాన్న సంగతి, స్కాన్ సంగతి, వైరస్ లెక్క అన్నీ చూసి రోజుకో బిళ్ళ మొదలుపెట్టారు. టెనోఫోవిర్ అని. ఇది వైరస్‌ని పూర్తిగా తుడిచేయదు, కానీ అణిచి ఉంచుతుంది, లివర్‌ని కాపాడుతుంది. సొంతంగా మానేయకూడదు. ప్రతి ఆరు నెలలకీ రక్తం, స్కానింగు చూపించుకోవాలి. కేంద్రం 2018 జూలై 28న మొదలుపెట్టిన హెపటైటిస్ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో దీనికి పరీక్షలు, మందులు ఉచితం. తమ్ముడు అక్కడే తీసుకుంటున్నాడు. డబ్బుల భయంతో ఎవరూ ఆగొద్దని ఈ ముక్క రాస్తున్నా.

నా సంగతి కూడా చెప్పాలి కదా. టీలు రెండుకి తెచ్చా, పంచదార లేకుండా. మొదటి పది రోజులు కషాయంలా ఉంది, ఇప్పుడు పంచదార వేస్తేనే నోట్లో పెట్టలేను. అన్నం సగం చేసి కూర, పప్పు పెంచా. రాత్రికి జొన్న రొట్టె. పొద్దున పొలానికి బండి తీయట్లేదు, రానూపోనూ ఆరు కిలోమీటర్లు నడక. ఊళ్ళో బండి అమ్మేశావా అని అడిగినవాళ్ళున్నారు. ఇప్పుడు 77 కిలోలు. ఎస్‌జీపీటీ 36. షుగర్ 5.8.

తాగే అలవాటున్న అన్నలకి, తమ్ముళ్ళకి ఒక్క మాట. నేను నీతులు చెప్పను. కానీ డాక్టరు అడిగినప్పుడు ఎంత తాగుతారో ఉన్నదున్నట్టు చెప్పండి. మందు వల్ల అయితే చాలామందిలో ఎస్‌జీపీటీ కంటే ఎస్‌జీఓటీయే ఎక్కువ ఉంటుంది, ఒక్కోసారి రెండింతలు. మీరు దాచినా కాగితం దాచకపోవచ్చు. దాస్తే మీకే నష్టం.

మిగతా అందరికీ చెప్పేది ఇంతే. రిపోర్టులో అంకె ఎర్రగా వస్తే బెదిరిపోయి పసర్లకి పరిగెత్తొద్దు, నాలా ఫోను జేబులో పెట్టుకుని కూర్చోవద్దు. మింగుతున్న బిళ్ళలు, తాగుతున్న ఆకులు అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి పోండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకి తిరిగినా, పొట్ట ఉబ్బినా, వాంతులు ఆగకపోయినా మూడు వారాలు చూద్దామని ఆగొద్దు, ఆరోజే పోవాలి. అంకెలన్నీ నల్లగా ఉన్నాయని ధీమాగానూ ఉండొద్దు. హెపటైటిస్ బి, సి పరీక్షలు వేరే ఉంటాయి, చాలా ప్యాకేజీల్లో ఉండవు, అడిగి చేయించుకోండి. మీ ఇంట్లో ఎవరైనా లివర్‌తో పోయి ఉంటే ముందు వాళ్ళ పాత కాగితాలు వెతకండి.

మా నాన్న కవరు ఇప్పుడు ట్రంకు పెట్టెలో లేదు. నా బీరువాలో, తమ్ముడి ఫైలు పక్కన పెట్టా. మొన్న నాన్న ఏటికి తద్దినం పెట్టినప్పుడు, ఆయన వయసువాళ్ళు నలుగురు భోజనానికి వచ్చారు. వడ్డన అయ్యాక ఆ చీటీ తీసి, అందులో ఏం రాసుందో వాళ్ళకి చదివి వినిపించా. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ మాత్రం గుమ్మం పక్కన నిలబడి ఆఖరిదాకా విన్నది.

ఉంటానండి. రెండో కోత అయ్యాక మళ్ళీ మిర్చి గురించి రాస్తా.